రిఫరీ ఆగమన్నాడు

భూపాలపల్లి బయట మూతపడ్డ రైస్ మిల్లులో పద్దెనిమిది రోజులుగా షూటింగ్ నడుస్తోంది. సదానందం పని హీరోకు దెబ్బలు నేర్పడం. నలభై తొమ్మిదేళ్ల మనిషి. మహబూబాబాద్‌లో పాతికేళ్లుగా కరాటే క్లాసులు చెప్పి మోకాళ్లు అరగదీసుకున్నాడు. పొద్దున ఏడింటికి నిలబడితే పొద్దు గూకేదాకా నిలబడే ఉండాలి. కుర్చీ వేశారు గానీ అందులో కూర్చుంటే మళ్లీ లేవడం కష్టమని అతను కూర్చునేవాడు కాదు.

డైరెక్టర్ మహేశ్ ఒకప్పుడు అతని శిష్యుడే. కురవి నుంచి సైకిల్ మీద క్లాసుకు వచ్చేవాడు. మొదటి సినిమాకే కరాటే కథ ఎత్తుకున్నాడు. హీరో ఒక్కొక్కడి చేతులు విరుస్తాడు, ఇటుకతో పళ్లు రాలగొడతాడు, గోడకేసి తలలు బాదుతాడు. రోజుకు రెండు బకెట్ల ఎర్ర రంగు కలిపేవాళ్లు. అంత కొట్టిన హీరో మధ్యమధ్యలో తల్లి ఒళ్లో తల పెట్టుకుని ఏడుస్తాడు. కొట్టడం, ఏడవడం, మళ్లీ కొట్టడం. సదానందానికి ఏదీ కొత్తగా అనిపించలేదు. తన పని తను చేసుకుపోయాడు.

పంతొమ్మిదో రోజున మిల్లులో ఒక మూల దవాఖాన సెట్ వేశారు. ఇనుప మంచం, సెలైన్ సీసా. మంచం మీద కంటికి కట్టుతో ఒక నటుడు పడుకున్నాడు.

"ఈ సీన్ మీదే మాస్టర్. మీరు క్లాసుల మాకు చెప్తుంటిరి గదా, జనగామ ఫైనల్ సంగతి. గదే పెట్టిన" అన్నాడు మహేశ్.

సదానందం మంచం మీది నటుడి కంటి కట్టు వైపు చూశాడు.

జనగామలో ఆ ఫైనల్ జరిగి ఇరవై ఒక్క ఏళ్లయింది. ఎదురు నిలబడ్డవాడు సంతోష్. పెద్దవంగర మనిషి, సదానందానికంటే రెండేళ్లు పెద్ద, ఇద్దరూ ఒకే గురువు దగ్గర నేర్చుకున్నారు. ఆటలో సంతోష్ కాలు జారి ఒక మోకాలి మీద కూలబడ్డాడు. రిఫరీ "యమే" అని అరిచాడు, ఆగమని. ఆ తర్వాత సదానందం కాలు అతని ముఖం మీద పడింది. ఎడమ కన్ను పోయింది. నెల తర్వాత సంతోష్ హోంగార్డు సెలక్షన్‌కు వెళ్లాల్సి ఉంది. వెళ్లలేదు. ఆట గోలలో రిఫరీ మాట తనకు వినపడలేదని సదానందం దవాఖానలో చెప్పాడు. తర్వాత ఊళ్లో చెప్పాడు. శిష్యులకూ అదే చెబుతూ వచ్చాడు, ఒళ్లు మరిచి కొట్టకూడదని నేర్పడానికి.

హీరో మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని డైలాగు చెప్పాడు. "నాకు వినపడలేదన్నా. నీ మీద ఒట్టు, వినపడలేదు." మంచం మీదివాడు చెయ్యి చాచి హీరో తలను గుండెకు హత్తుకున్నాడు.

మహేశ్‌కు నచ్చలేదు. మళ్లీ తీశారు. మళ్లీ. పదకొండో టేక్ అయ్యాక హీరో లేచి సదానందం దగ్గరికి వచ్చాడు. మర్యాదస్తుడు. "సార్, నాకెందుకో నిజం అనిపించట్లేదు. మీరప్పుడు ఎలా అన్నారో ఒక్కసారి అని చూపిస్తారా?"

అందరూ చూస్తున్నారు. సదానందం మంచం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. "నాకు ఇనబడలే అన్న" అన్నాడు. ఇరవై ఒక్క ఏళ్ల కింద అన్న గొంతుతోనే అన్నాడు. లైటు పట్టుకున్న మనిషి కళ్లు తుడుచుకున్నాడు. హీరో ఆ గొంతును అలాగే పట్టుకుని మరుసటి టేక్‌లో దించేశాడు. మహేశ్ చప్పట్లు కొట్టాడు.

భోజనాల వేళ సదానందం మహేశ్‌ను పక్కకు పిలిచాడు.

"దవాఖానల సంతోష్ నన్ను పట్టుకోలే మహేశ్. గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. నేను ఎల్లిపోయేదాక తిరగలే."

"గట్ల తీస్తే జనం థియేటర్ల కూసోరు మాస్టర్."

"ఇంకోటున్నది. నాకు ఇనబడ్డది. యమే అన్నది మంచిగనే ఇనబడ్డది."

మహేశ్ చేతిలోని ముద్దను పళ్లెంలో పెట్టేశాడు. "మాకు అబద్ధం చెప్పిన్రా?" అన్నాడు.

"చెప్పిన."

"సీన్ అయిపోయింది మాస్టర్. ఇప్పుడు నేనేం చెయ్యలేను." అతను పళ్లెం తీసుకుని లేచి వెళ్లిపోయాడు. కోపంగా కాదు, అలసిపోయినట్టు.

మర్నాడు సదానందం సెలవు పెట్టి పెద్దవంగర బస్సెక్కాడు. సినిమా వస్తే మనుషులు సంతోష్ ఇంటికి వెళ్లి అడుగుతారు. ఆ లోపు తను వెళ్లాలి. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

సంతోష్ వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తున్నాడు. సదానందాన్ని చూడటానికి మెడ మొత్తం ఎడమవైపు తిప్పాడు. గడ్డం నెరిసింది. ఆయన భార్య నీరజ గుమ్మంలోకి వచ్చింది. ఎవరో పోల్చుకుని, లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

సదానందం నిలబడే సినిమా సంగతి చెప్పాడు.

"సినిమాల నేనేం జేస్త?" అడిగాడు సంతోష్.

"నన్ను గుండెకు వట్టుకుంటవ్."

సంతోష్ ముక్కుతో నవ్వాడు. "మంచోణ్నే ఉన్న." మళ్లీ కాయలు పలచగా పరచడం మొదలుపెట్టాడు.

"అన్న, ఆ దినం నాకు ఇనబడ్డది."

సంతోష్ చెయ్యి ఆగలేదు. "నాకెరుకే. కింద కూలబడి పైకి చూసిన. నువ్వు రిఫరీ దిక్కు చూసినవ్. చూసినంకనే కొట్టినవ్."

"మరి ఎవ్వరికీ ఎందుకు చెప్పలే?"

"చెప్తే కన్నొస్తదా? నిన్ను జైల్ల ఏస్తే నాకు నౌకరొస్తదా? రెండేండ్లు రోజు నిన్ను తిట్టుకున్న. మా అమూల్య పుట్టినంక టైం దొరకలే." సంతోష్ నడుం పట్టుకుని లేచాడు. "నేను గూడ బిడ్డకు అబద్ధమే చెప్పిన. ఆటల తాకింది, ఎవ్వల తప్పు లేదు అని. ఈ సినిమా చూసి అది గదే నిజమనుకుంటది. నాకు గది మంచిగ లేదు. నేను చెప్ప. నువ్వే చెప్పు. నాలుగింటికి కాలేజీ నుంచి వస్తది."

నీరజ అన్నం పెట్టింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. తిన్నాక సదానందం కూడా వంగి కాయలు పరిచాడు. మోకాళ్లు నొప్పి పెడుతున్నా ఆపలేదు.

అమూల్య వచ్చింది. పంతొమ్మిదేళ్లుంటాయి. సంతోష్ "ఈన సదానందం" అని మాత్రం అన్నాడు. సదానందం ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాడు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఎందుకు కొట్టిన్రు?" అని అడిగింది ఆమె.

"మీ బాపు నాకంటె మంచిగ ఆడుతుండె. కప్పు ఆయనకే వస్తుండె. నాకు ఓర్వబుద్ధి కాలే."

అమూల్య తండ్రి వైపు చూసింది. "నీకు తెలుసా బాపు?"

"తెలుసు."

"ఇన్నేండ్లు నాకు ఎందుకు చెప్పలే?"

సంతోష్ మిరపకాయల వైపు తిరిగాడు. ఆ పిల్ల బ్యాగు తీసుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. కాసేపటికి నీరజ కూడా వెళ్లి ఆ తలుపు తట్టింది. తెరుచుకోలేదు.

"ఇగ నడువు, బస్సు టైమైతున్నది" అన్నాడు సంతోష్.

బస్టాండు దాకా తనూ వచ్చాడు. దారిలో సదానందం తనకు ఎడమ పక్కన నడుస్తుంటే భుజం పట్టుకుని కుడి పక్కకు మార్చాడు. "అటు దిక్కు నడిస్తే నువ్వు కనబడవు" అన్నాడు. ఆ తర్వాత మిరప ధర గురించి, వాన గురించి నాలుగు మాటలు మాట్లాడాడు. తప్పు మన్నించానని గాని, మళ్లీ రమ్మని గాని అనలేదు. సదానందం కూడా అడగలేదు.

బస్సు కిక్కిరిసి వచ్చింది. సీటు దొరకలేదు. కడ్డీ పట్టుకుని తొర్రూరు దాకా నిలబడే పోయాడు.