బతికున్న మనిషి కేసు

మార్కండేయ చనిపోయాడని టీవీలో చెప్పినప్పుడు మార్కండేయ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని చీర నేస్తున్నాడు. పక్కింటివాళ్ళు ఏడుస్తూ వచ్చి తలుపు తోస్తే, ఎవరు పోయినారని అడిగింది ఆయనే.

ఇది 2006 ఫిబ్రవరిలో ధర్మవరంలో జరిగింది. అంతకు ఐదు నెలల ముందు హైదరాబాదు వార్తాఛానల్ తరఫున ఒక రిపోర్టరు, కెమెరా మనిషి వాళ్ళింటికి వచ్చారు. పట్టు ధర పెరిగి నేతగాళ్ళు పడుతున్న ఇబ్బంది గురించి చెప్పమన్నారు. మార్కండేయ చెప్పాడు. ఆయన భార్య సుజాత రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ, మధ్యలో చెమట పట్టి కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత లేచి, ఆ వచ్చినవాళ్ళిద్దరికీ మజ్జిగ ఇచ్చింది. ఆ బొమ్మ అప్పుడు టీవీలో రాలేదు. ఫిబ్రవరిలో వేరే ఊళ్ళో ఒక నేతగాడు ఉరివేసుకున్నాడు. ఆయన ఫొటో కానీ ఇల్లు కానీ ఛానల్ దగ్గర లేవు. మగ్గం ఉన్న టేపు ఒకటి ఉంది. హైదరాబాదులో ఎవరో దాన్ని తీసి, మార్కండేయ ముఖం చుట్టూ కంప్యూటరుతో పూలదండ వేశారు. చెమట తుడుచుకుంటున్న సుజాతను చూపించి, భర్త శవం ముందు కన్నీరుమున్నీరవుతున్న భార్య అన్నారు. వెనక విషాదంగా వయొలిన్ వాయించారు.

ఆ వార్త నేనూ చూశాను. అనంతపురంలో మా ఇంట్లో సాయంత్రాలు టీవీ మోగుతూ ఉంటుంది. నా భార్య మల్లీశ్వరి పోయిన మూడేళ్ళలో, ఇంట్లో ఏదో ఒక గొంతు వినపడాలని నేను చేసుకున్న అలవాటు అది. అయ్యో పాపం అనుకుని, లేచి పెరుగన్నం కలుపుకున్నాను. ముఖం చూపిస్తే నమ్మేశాను. ముప్పై ఏళ్ళు సాక్షులను నిలదీసిన ప్లీడరును నేనే నమ్మితే, ఇంకెవరిని తప్పుపట్టాలి?

నా వృత్తి గురించి రెండు మాటలు చెప్పాలి. మొదట్లో అందరిలాగే గట్టు తగాదాలు, పాలు పంపకాలు చేశాను. తొంభైల్లో మేడల మీద డిష్షులు లేచాయి. వైరు ఎవరి స్తంభం మీద పోవాలి, ఎవరి వీధిలో ఎవరు కనెక్షన్ ఇవ్వాలి అని కేబుల్ వాళ్ళు కొట్టుకుని నా దగ్గరికి రావడం మొదలైంది. తర్వాత కొత్త సినిమాల దొంగ క్యాసెట్లు, వీడియో పార్లర్ల మీద దాడులు. జిల్లాలో కాపీరైటు చట్టం పుస్తకం కొని చదివినవాళ్ళు నాకు తెలిసి ముగ్గురమే. బార్ రూములో నన్ను కేబుల్ లాయరు అని ఎగతాళి చేసేవాళ్ళు. పేరు నాకు నచ్చింది. అయితే అన్నేళ్ళూ నేను చూసింది తీగల్ని, పెట్టెల్ని. ఆ పెట్టెలో చెప్పే మాట ఒక ఇంటిని ఏం చేస్తుందో చూడలేదు.

అది చూపించింది ఓబులేసు. ధర్మవరంలో కేబుల్ ఆపరేటరు, నా పాత క్లయింటు. మర్నాడు పొద్దున అదే వార్త మళ్ళీ వేస్తే రికార్డు చేసి, సీడీ జేబులో పెట్టుకుని, రెండు రోజులకు ఆలుమగలిద్దరినీ వెంటబెట్టుకుని వచ్చాడు. "నా వైరులోనే వచ్చింది సార్ ఆ పాడుమాట" అన్నాడు. ఎవరూ అడగకుండానే ఆ పని చేశాడు. ఆ సీడీ లేకపోతే మాకు కేసే లేదు.

ఊరుకుంటే నాలుగు రోజుల్లో అందరూ మరిచిపోతారని నేను మొదట వాళ్ళకు సర్దిచెప్పబోయాను. అప్పుడు సుజాత అసలు సంగతి చెప్పింది.

సోమందేపల్లెలో మార్కండేయ చిన్నాయన కుటుంబం ఉంది. వాళ్ళు టీవీలో చూశారు. పక్కింటి ఫోనుకు చేస్తే తగల్లేదు. ముఖమే కనపడినాక ఇంక ఫోనెందుకనుకున్నారు. దాయాదుల చావు విన్నవాళ్ళు కట్టుబట్టలతో తలమీద నీళ్ళు పోసుకోవాలి. ఆ ఇంట్లో పదకొండు మందీ పోసుకున్నారు. తెల్లారి మొదటి బస్సుకు ఏడుస్తూ దిగితే, మార్కండేయ అరుగు మీద వేపపుల్ల నములుతున్నాడు. చిన్నమ్మ లక్ష్మీనరసమ్మ ఆయన్ను చూసి కూలబడి, లేచినాక తిట్టిందట, బతికుండేవాడివి ఒక మాట చెప్పి పంపకూడదా అని.

నవ్వు అంతటితో అయిపోయింది. బతికున్నవాడికి మైల నీళ్ళు పోసుకోవడం జరిగిపోయింది. ఇప్పుడేం చేయాలి? పెద్దలు కూర్చుని ఒక తీర్పు చెప్పారు. గుళ్ళో మార్కండేయ సుజాతకు మళ్ళీ తాళి కట్టాలి. ఉగాది తర్వాత వాళ్ళ వీధిలో చౌడేశ్వరమ్మకు జ్యోతి ఎత్తుతారు. బియ్యపు పిండితో చేసిన జ్యోతిని ముత్తైదువ తలమీద పెట్టుకుని గుడిదాకా నడుస్తుంది. అత్త పోయినప్పటినుంచి తొమ్మిదేళ్ళుగా ఆ జ్యోతి సుజాతది. తాళి మళ్ళీ పడితేనే ఈసారి ఆమె ఎత్తాలి, లేకుంటే వేరే ఇంటికి పోతుంది. సుజాత ఒప్పుకోలేదు.

"మళ్ళీ కట్టించుకుంటే ఈయన ఒకసారి పోయినట్టే కదా సార్. నేను ఒకపూటైనా ముండమోసినట్టే కదా. ఆ అబద్ధానికి నా మెడతో సాక్ష్యం చెప్పమంటే యాడ చెప్తా? చెప్పినోళ్ళే చెప్పల్ల, మార్కండేయ బతికే ఉండాడని. ఆ టీవీలోనే, ఆ టయానికే."

మార్కండేయ మెల్లగా, తాళికేముంది, కడతాలే అన్నాడు. ఆమె ఆయనవైపు చూసింది. ఆయన కిటికీవైపు చూశాడు.

నేను ఛానల్‌కు నోటీసు పంపాను. పద్దెనిమిది రోజులకు జవాబు వచ్చింది. వాళ్ళ లాయరు మంచి కాగితం మీద నాలుగు పేరాలు టైపు చేయించాడు. అది పాత టేపు, పొరపాటున కలిసింది, దురుద్దేశం లేదు అని మూడు పేరాలు. నాలుగోది ఇది: చనిపోయినట్టు పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందని మీ క్లయింటు ప్రాంతంలో ప్రజలు నమ్ముతారు, కాబట్టి ఈ ప్రసారంవల్ల మీ క్లయింటుకు నష్టం కాదు, మేలే కలిగింది.

అన్నేళ్ళ ప్రాక్టీసులో నేను ఏ కాగితాన్నీ విసిరికొట్టలేదు. దాన్ని విసిరికొట్టాను. కాసేపటికి వంగి తీసి, మడతలు సాపు చేసి ఫైలులో పెట్టాను. అది మాకు దాఖలు చేయాల్సిన కాగితం. మల్లీశ్వరి పోయిన నాడు డాక్టరు నాకు ఆ మాట చెప్పడానికి ముందు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు. 'పోయింది' అనే మాటను మనుషులు అలా చెప్తారు. వీళ్ళు దానికి వయొలిన్ పెట్టి చెప్పి, ఇప్పుడు ఆయుష్షు దానం చేశామంటున్నారు.

ధర్మవరం కోర్టులో దావా వేశాను. డబ్బు అడగలేదు. తప్పు చేసినవాడి చేతే తప్పు దిద్దించే ఉత్తరువు ఇమ్మన్నాను. అదే ఛానల్, అదే వేళ, అంతే సేపు. మార్కండేయ బతికే ఉన్నాడని చెప్పాలి.

రెండో వాయిదాకు ఛానల్ లాయరు హైదరాబాదు నుంచి కారులో వచ్చాడు. మర్యాదస్తుడు, చిన్నవాడు. వరండాలో నన్ను పక్కకు పిలిచి, రాజీకి దారి ఉందన్నాడు. సుజాత, మార్కండేయ అక్కడే ఉన్నారు. లక్ష్మీనరసమ్మ కూడా వచ్చింది, కోర్టు మెట్ల మీదైనా కోడలికి నచ్చజెప్పి తాళికి ఒప్పించాలని. ఏదైనా వాళ్ళందరి ముందే చెప్పమన్నాను. చెప్పాడు.

తాళి మళ్ళీ కట్టాలని పెద్దలు అన్న సంగతి మా దావాలోనే ఉంది కదా, అది ఛానల్ వాళ్ళకు బాగా నచ్చింది. ఆ తాళి కట్టడం ఛానలే జరిపిస్తుంది. పూలు, మేళం, కొత్తబట్టలు అన్నీ వాళ్ళవే. గుడి దగ్గర మూడు కెమెరాలు. అరగంట కార్యక్రమం, పండగపూట. పేరు కూడా అనుకున్నారు, 'మృత్యువును గెలిచిన మాంగల్యం' అని. పొరపాటు జరిగిందని విడిగా చెప్పాల్సిన పని ఉండదు, చూసేవాళ్ళకు మార్కండేయ కనపడతాడు కదా అన్నాడు. ఆ కుర్రవాడు ఇదంతా మంచి మనసుతోనే చెప్పాడు. నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. నాకంటే ముందు లక్ష్మీనరసమ్మ మాట్లాడింది.

"ఏమప్పా, మా కోడలి మెడ నీకు సినిమా తెరనా?"

ఆయన, అది కాదమ్మా, ఆచారం ప్రకారమే, మీరు చెప్పిందే చేస్తున్నాం అన్నాడు.

"మేం చెప్పినాం. బుద్ధిలేక చెప్పినాం" అందామె. "పోయినాడని చెప్పిందీ మీరే, లేచొచ్చినాడని మేళం పెట్టేదీ మీరేనా? మధ్యలో ఈ పిల్ల ఏం చేసింది? మీకింత మజ్జిగ పోసింది." తర్వాత సుజాతవైపు తిరిగి గొంతు తగ్గించింది. "నీళ్ళు పోసుకున్నది మేము. వాడు పోలేదు, నీకేం కాలేదు. తప్పు ఎవరు చేస్తే దోషం వాళ్ళది. మేం కడుక్కుంటాం. నువ్వు జ్యోతి ఎత్తు."

రాజీ లేదని జడ్జిగారికి చెప్పాను.

ఆ ఎండాకాలం సోమందేపల్లెలో నీళ్ళు ట్యాంకరుతో వచ్చేవి, ఇంటికి ఎనిమిది బిందెలు. ఆ పదకొండు మందీ వాటిలోనే మిగుల్చుకుని, ఒకరి తర్వాత ఒకరు తలస్నానం చేసి, తడిబట్టలతో అమ్మవారికి మొక్కుకుని, బతికున్నవాడికి మైల పట్టినందుకు క్షమించమన్నారట. పెద్దలూ దానికి సరేనన్నారు. ఉగాది పోయిన వారానికి జ్యోతి జరిగింది. నన్ను పిలిస్తే వెళ్ళాను. భార్య పోయినవాణ్ణి, అలాంటిచోట వెనక నిలబడటం అలవాటు. లక్ష్మీనరసమ్మ చూసి, ఏమప్పా సారూ ఆడుండావు అని ముందుకు పిలిచి నాకూ హారతి ఇప్పించింది. సుజాత ఎటూ చూడకుండా, మెడ కదలకుండా నడిచిపోయింది.

కథ అక్కడ అయిపోవాలని ఛానల్ కూడా అనుకుంది. తర్వాతి వాయిదాకు వాళ్ళొక మెమో వేశారు. వాది భార్య జ్యోతి ఎత్తింది, కులంలో ఆమె గౌరవానికి లోటు లేదని రుజువైంది, కనుక దావా కొట్టివేయాలి. దానికి ఆధారంగా జ్యోతి ఫొటో జతచేశారు. ఫొటో తీయించడానికి ధర్మవరానికి మనిషిని పంపారన్నమాట. మార్కండేయ ఇంటి తలుపు తట్టి, తప్పయిందని ఒక్క మాట చెప్పడానికి మాత్రం పంపలేదు.

నేను సుజాతను అడిగాను, కేసు ఉంచుదామా అని. అడగాలి, అది నా ధర్మం. ఆమె రాట్నం ఆపకుండానే జవాబు చెప్పింది.

"మావాళ్ళ తప్పు మావాళ్ళు కడుక్కున్నారు. వాళ్ళ తప్పు వాళ్ళు కడుక్కోవల్ల కదా సార్. ఒకరు కడుక్కుంటే ఇంకొకరికి యాడ పోతుంది?"

దీన్నే నేను కోర్టులో కొంచెం పెద్ద మాటల్లో గంటసేపు వాదించాను. ఆయుష్షు పేరాను చదివి వినిపించాను. జడ్జిగారు దాన్ని ఇంకోసారి చదవమన్నారు. ఛానల్ లాయరు తలవంచుకున్నాడు. అది రాసింది ఆయన సీనియరు లాయరు కావచ్చు.

తీర్పు వచ్చేసరికి పద్నాలుగు నెలలు పట్టింది. తప్పుడు ప్రసారం డెబ్భై సెకన్లు నడిచింది కాబట్టి, అదే వేళకు డెబ్భై సెకన్లపాటు, మార్కండేయ బతికే ఉన్నాడని, ఆ దృశ్యాలు వేరే సందర్భంలోవని చెప్పి క్షమాపణ కోరాలి. నెల గడువు. వాళ్ళు గడువు ఆఖరి రోజుదాకా ఆగారు.

ఆ సాయంత్రం నేను వాళ్ళింట్లో ఉన్నాను. ఓబులేసు వచ్చి టీవీ వెనక వైరు రెండుసార్లు సరిచూశాడు. లక్ష్మీనరసమ్మ మంచం మీద కూర్చుంది. మార్కండేయ తాను మగ్గం దిగనని, వినపడుతుందిలే అని లోపలే ఉన్నాడు. ఏడు గంటలకు వార్తలు చదివే అమ్మాయి, ముందటి వార్తకు నవ్విన నవ్వు ఇంకా మొహాన ఉండగానే, చదవడం మొదలుపెట్టింది. గతంలో మా ఛానల్‌లో, ధర్మవరానికి చెందిన, పొరపాటున, చింతిస్తున్నాం. వయొలిన్ లేదు. మార్కండేయ ముఖం చూపించలేదు. తర్వాత ఒక సబ్బు ప్రకటన వచ్చింది.

లోపల మగ్గం చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది. లక్ష్మీనరసమ్మ కళ్ళొత్తుకుంది. ఓబులేసు నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఇంతకాలానికి చెప్పారు కదా అనుకున్నాను. ఆ మాట పైకి కూడా అనబోయాను.

సుజాత గోడగడియారం వైపు చూస్తూ నిలబడి ఉంది. సబ్బు ప్రకటన నడుస్తూనే ఉంది.

"నలభై సెకన్లే చెప్పినారు సార్" అంది. "ఇంకా ముప్పై ఉండాయి."

మర్నాడు పొద్దున పదిన్నరకు, కోర్టు తెరవగానే, ఆ ముప్పై సెకన్ల కోసం నేను అమలు పిటిషన్ దాఖలు చేశాను.