అమావాస్య నాటి సర్వర్

గద్వాల నేతగాళ్ల సంఘానికి ఏ మెయిల్ సర్వర్ కొనాలో తేల్చింది సంఘం కంప్యూటర్ గది చూసుకునే స్వరూపే. ప్రతి మగ్గానికీ ఒక మెయిల్ ఉండాలని, చీరల ఫోటోలు దాంట్లోంచే షావుకార్లకు పోవాలని ఆ ఏడు, 2007లో, సంఘం అనుకుంది. ఒకేసారి ఎంతమంది వాడతారని ఇంజినీరు అడిగితే, గదికి వచ్చేవాళ్లను నెలంతా గమనించి ఇద్దరో ముగ్గురో అని చెప్పింది. ఆయన రెండు సర్వర్లు చూపించాడు: ప్రాసెసర్ జోరుగా ఉండి ఒక్క డిస్కున్నది ఒకటి, నెమ్మదైనా నాలుగు డిస్కులున్నది ఇంకొకటి. జోరుదే తీసుకుంది. నెమ్మదిది ఎవరు కోరుకుంటారు లెండి!

ఆ నెలలో ఆమె గమనించని రోజు ఒక్కటే. అమావాస్యనాడు అక్కడ మగ్గం ముట్టరు. నేతింటి ఆడపడుచు కనుక ఆమె కూడా కంప్యూటర్ గదికి తాళమేసి ఇంటికి పోయింది.

కొత్త సర్వర్ వచ్చాక నేతగాళ్లు పట్టుబట్టారు. "మాకు తీరికుండేది గా దినమే గదమ్మా, గది తెరువు."

అమావాస్యనాడు తెరిచింది. పొద్దున్నే ఊరంతా దిగింది. గదిలో చోటు లేనివాళ్లు బజారులో నెట్ సెంటర్లకు పోయి అక్కడినుంచి మెయిల్ తెరిచారు. ఇన్ని ఫోటోలు రాసుకోవడానికి సర్వర్లో ఉన్నది ఒక్క డిస్కు. చీర రెండంచులకూ ఒంటికీ పోగు మోసే నాడెలు వేరువేరుగా ఆడించే ఊళ్లో, అంతా ఒక్క నాడెతో నేయమన్నట్టయింది. తెర కదలడం మానేసింది.

"జర చూడు బిడ్డా," అంటూ మగ్గం నేసే జోగులమ్మ స్వరూప చెయ్యి పట్టుకుంది. "పొద్దుగూకేలోపు అంచు ఫోటో రాకపోతే షావుకారు పెండ్లి చీరల పని వేరేటోళ్లకిస్తడంట. ఎండకాలం సంది మగ్గం ఖాళీ. ఇది గూడ పోతే విప్పి అమ్ముడే."

స్వరూప షావుకారుకు ఫోన్ చేసింది, బతిమాలింది. సంఘం మెయిల్లో చూస్తే తప్ప ఒప్పుకోనన్నాడు. సర్వర్ ఆపి మళ్లీ వేసింది. "మీ కాళ్లు మొక్కుత, అందరు జర ఆగుండ్రి!" అని గది గుమ్మంలో నిలబడి అరిచింది. అందరివీ అవసరాలే, ఎవరాగుతారు? బజారులో ఉన్నవాళ్లకు ఆ అరుపు వినబడనే లేదు. నాలుగు డిస్కులది ఎందుకు వద్దన్నానా అని తల కొట్టుకుంది.

దీపాలు పెట్టాక గానీ ఫోటో షావుకారుకు చేరలేదు. వేరేవాళ్లకిచ్చేశానని వెంటనే జవాబొచ్చింది. స్వరూప చదివి చెబితే జోగులమ్మ కొంగు దులుపుకొని లేచింది.

మర్నాడు వీధి నిండా మగ్గాల చప్పుడు. కంప్యూటర్ గదిలో ఎవరూ లేరు. స్వరూప ఒక మెయిల్ పంపి చూస్తే రెప్పపాటులో పోయింది. ఆమె ఏడుస్తుండగానే కిటికీ బయట జోగులమ్మ మగ్గం కట్టెలు బండెక్కి పోతున్నాయి.