చర్చి గోడ మీద నీలం టేపు

మా టర్నిప్ ఫోర్క్ లోయలో నా కంటిని మించిన రసమట్టం లేదు. ఇది సొంత డబ్బా అనుకోకండి. అరవై రెండేళ్ళుగా నేను అంటూ ఉంటే, విని విని విసిగి లోయంతా ఒప్పుకున్న సంగతి. పదిహేడేళ్ళ వయసులో, ఒక కంచరగాడిదనూ ఒక దుంగనూ పెట్టుకుని, చర్చి ముందు బళ్ళు ఆపుకునే జాగాను నేనే చదును చేశాను. మట్టం పెట్టింది లేదు, తాడు కట్టింది లేదు. ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి చూశాను, అంతే. పళ్ళెంలా వచ్చింది. ఆ రోజు చర్చి విందులో దాని నడుమ ఒక గోళీ పెట్టాం. నాలుగేళ్ళ తర్వాత కాకి ఎత్తుకుపోయేదాకా అది అక్కడే ఉంది.

వెస్ట్ వర్జీనియా కొండల్లో పుట్టని వాళ్ళకు ఇందులో గొప్పేమిటో తెలియదు. మా లోయలో చదును నేలంటూ లేదు. మా కోడి గుడ్డు పెడితే, పిల్ల పక్కింటి పెరట్లో బయటికొస్తుంది. మా నాన్న గుర్రానికి పల్లం వైపు కాళ్ళకు దళసరి లాడాలు కొట్టించేవాడు. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు పాపం అది వెనక్కి నడవాల్సి వచ్చేది. ఇలాంటి చోట ఒక బండి నాలుగు చక్రాలూ ఒక్క ఎత్తున నిలిపే జాగా చేశానంటే మరి తక్కువ సంగతా?

ఇక రీథా కోగర్ పికప్పు ట్రక్కు సంగతి.

రీథాకు నలభై ఒకటి. వాగుకు అవతల ఒంటరిగా ఉంటుంది. పద్దెనిమిది మైళ్ళ దూరంలోని వృద్ధాశ్రమంలో, నాకంటే ముసలివాళ్ళను లేపి, కడిగి, కబుర్లు చెప్పి, అన్నం తినిపించే పని. మార్చిలో వరదొచ్చి ఆమె ఇంటి ముందు వంతెనను ఎత్తుకుపోయింది. అప్పట్నుంచి వాగులోంచే బండి నడపాలి. నీళ్ళు తలుపు సందుల్లోంచి వచ్చి బూట్లు తడుపుతుంటే వేసవంతా ఓర్చుకుంది. అక్టోబరులో ఓర్పు అయిపోయింది. రెండు జాకీలు అరువు తెచ్చుకుని, రెండు ఆదివారాలు బండి కింద వెల్లకిలా పడుకుని, స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ తనే మార్చి, పికప్పును నాలుగంగుళాలు పైకి లేపింది. బండి వాగు దాటుతుంటే నీళ్ళు కింద నుంచి దణ్ణం పెట్టి పోయేవి.

అంతా బాగానే ఉంది. లైట్ల సంగతే మరిచిపోయింది.

నవంబరులో ఒక సోమవారం, ఇంకా చీకటి విడవక ముందే, నేను, మేం బిస్కెట్టనే మెత్తటి రొట్టెను గ్రేవీతో తిందామని కారులో కొట్టుకు బయలుదేరాను. మలుపు దగ్గర ఎదురుగా సూర్యుడు ఉదయించాడు. పడమటి దిక్కున. రెండు సూర్యుళ్ళు. నేను కళ్ళు మూసుకున్నాను, కారు తన దారి తను చూసుకుంది, కుడి చక్రాలు రెండూ గుంటలోకి దిగాయి.

బండి ఆపి రీథా పరిగెత్తుకొచ్చింది.

"హోబర్ట్ బాబాయ్! దెబ్బలేమైనా తగిలాయా?"

"తగల్లేదు గానీ, స్వర్గద్వారం దాకా వెళ్ళొచ్చాను. వెలుగు మరీ ఎక్కువైందని వెనక్కొచ్చేశా. ఏమిటే తల్లీ ఆ లైట్లు, ఓడలకు దారి చూపిస్తున్నావా?"

ఆమె తన బండి వైపు చూసింది. నా కారు వైపు చూసింది. మొహం పాలిపోయింది.

"పది రోజుల్నుంచి ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ నాకు లైట్లు కొడుతున్నారు. బండి బాగా చేశావని మెచ్చుకుంటున్నారనుకున్నా. నేనూ తిరిగి కొడుతున్నా, బాబాయ్!"

మా లోయలో ఎవరైనా అలాగే అనుకుంటారు. ఇక్కడ ఎదురుపడిన బండిని పలకరించకుండా ఉండేవి పోస్టు పెట్టెలొక్కటే.

గొలుసు కట్టి నా కారును లాగింది. లాగాక అంది: "ఇవి సరయ్యేదాకా చీకట్లో ఈ లైట్లతో బండి తియ్యను. ఇవాళ నువ్వు గుంటలో పడ్డావు. రేపింకొకరు వాగులో పడతారు."

అన్నదంటే అన్నదే. ఆ సాయంత్రమే డెంజిల్ లైకిన్స్ గరాజుకు వెళ్ళింది. ఏటేటా బళ్ళు పరీక్ష చేసి అద్దం మీద స్టిక్కరు అంటించేది మా దగ్గర అతనే, రీథా స్టిక్కరు గడువు ఎలాగూ ఆ నెలలోనే ఉంది. పికప్పు ఎత్తు పెరిగింది కనక అతని తలుపులోంచి దూరలేదు. బయటే ఆపించి, లోపలి వెనక గోడ మీద గీసిన గీతల మీదికి లైట్లు వేయించాడు. గీతకు బెత్తెడు పైన పడ్డాయి.

"పెద్దాయన్ని గుంటలో తోశావట?" అన్నాడు డెంజిల్.

"తొయ్యలేదు, వెలిగించా. నువ్వే సరిచెయ్యరాదూ?"

"వచ్చే సోమవారం జింకల వేట మొదలు. లోయలో ప్రతివాడికీ బండి ఇప్పుడే చెడింది. పదకొండు బళ్ళున్నాయి లైన్లో. నెలాఖరు పండగయ్యాక రా, చూద్దాం."

"స్టిక్కరో?"

"పరీక్షలో తప్పిన బండికి ఐదు రోజులు. శనివారం మధ్యాహ్నం పన్నెండు. ఆ తర్వాత రోడ్డెక్కితే పోలీసు సంగతి నువ్వే చూసుకో."

రీథాకు శనివారం అంటే స్టిక్కరొక్కటే కాదు. ఆశ్రమంలో తోటి మనిషిని బతిమాలి ఆ వారానికి పగటి షిఫ్టు మార్చుకుంది. ఆదివారం నుంచి మళ్ళీ తెల్లవారుజాము ఐదింటి డ్యూటీ. రాలేకపోతే వేరే మనిషిని చూసుకుంటామని పైవాళ్ళు ఒకసారి చెప్పారు. వాళ్ళు రెండోసారి చెప్పే రకం కాదు.

మంగళవారం మా వరండాలో కూర్చుని నాకిదంతా చెప్పింది. పని ఎలా చెయ్యాలో పుస్తకంలో చదివి వచ్చింది కూడా. బండిని చదును నేల మీద, గోడకు పాతిక అడుగుల దూరంలో ఆపాలి. లైటు నడిబొడ్డు నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి, గోడ మీద అంతే ఎత్తున టేపు అంటించాలి. వెలుగు పై అంచు ఆ టేపుకు రెండంగుళాలు కింద పడేదాకా లైటు వెనక మర తిప్పాలి.

"ఇందులో కష్టమేముంది?" అన్నాను.

"చదును నేల, బాబాయ్. పాతిక అడుగులు, దాని చివర గోడ. ఈ లోయలో ఎక్కడుంది?"

ఇక ఆగుతానా? గోళీ కథంతా చెప్పాను. కంచరగాడిద పేరుతో సహా.

ఆ సాయంత్రం ఐదింటికి, వెలుగు మసకబారుతుండగా, చర్చి తెల్లగోడకు ఎదురుగా పికప్పు నిలిపాం. రీథా కొలిచింది, నేల నుంచి గోడ మీదికి కొలత ఎక్కించింది, నీలం టేపు అంటించింది. మరలు తుప్పుపట్టి కదల్లేదు. నూనె వేసి, కాసేపాగి, పళ్ళు బిగించి తిప్పింది. వేళ్ళ కణుపులు చీరుకుపోయాయి. నోట్లోంచి ఒక్క మాట రాలేదు. నేను మాత్రం పక్కన నిలబడి ఇద్దరు మనుషుల మాటలు మాట్లాడాను.

"చూశావా, గోడకు గీసినట్టు పడింది వెలుగు! జాగా ఎవరు చదును చేశారనుకున్నావు?"

గురువారం డెంజిల్ దగ్గరికి నన్నూ తీసుకెళ్ళింది. కీర్తిలో వాటా ఇస్తుందనుకున్నా. లైట్లు వేసింది. డెంజిల్ వెనక గోడ వైపు చూశాడు, టోపీ తీసి తల గోక్కున్నాడు.

"సోమవారం బెత్తెడు పైనుంది. ఇవాళ జానెడు పైనుంది. అదిగో, క్యాలెండరులో జింక కొమ్ములు మెరుస్తున్నాయి. ఎక్కడ చేశారు ఈ పని, జెయింట్ వీలు మీదా?"

"చర్చి దగ్గర," అంది రీథా, నా వైపు చూడకుండా.

"ఓహో. పెద్దాయన పళ్ళెంలోనా?" అని డెంజిల్ నవ్వాపుకోవడానికి ఒక టైరు కింద ఏదో వెతుక్కున్నాడు.

ఇంటికొచ్చే దారిలో ఆమె చూపంతా రోడ్డు మీదే. నేను డెంజిల్ గోడ వంకరన్నాను. ఆమె గేరు మార్చింది. అతని నేల వంకరన్నాను. ఇంకో గేరు మార్చింది. ఆ క్యాలెండరు పోయినేటిదన్నాను. అప్పుడు అంది:

"బాబాయ్, ఇంకొక్క సాయంత్రం ఉంది నాకు. రేపు ఐదింటికి అక్కడికే రా. నోరు ఇంట్లో పెట్టి రా."

శుక్రవారం పొద్దున వాన కురిసి మధ్యాహ్నానికి వెలిసింది. నేను వెళ్ళేసరికి రీథా చర్చి జాగాలో నడుం మీద చేతులు పెట్టుకుని నేలను చూస్తోంది. జాగా నడుమ, సరిగ్గా మంగళవారం పికప్పు ముందు చక్రాలు నిలిచిన చోట, వాన నీళ్ళు చెరువు కట్టాయి. అటు రోడ్డు వైపు పొడిగా ఉంది, ఇటు గోడ వైపూ పొడిగానే ఉంది. బాతు ఒకటే తక్కువ.

"ఇది పళ్ళెమా, బాబాయ్?"

"ఆ గుంట నాది కాదే. లావుపాటి చర్చి పెద్ద ఒకాయన ఇరవయ్యేళ్ళు అక్కడే బండి ఆపి..."

"పళ్ళెమా?"

నీళ్ళతో వాదించడం ఎవరి తరం? వాటికి చదువు లేదు, అబద్ధం చేతకాదు.

"సూపు గిన్నె," అని ఒప్పుకున్నాను.

నిజం చెబితే నాకేమీ బాధ కలగలేదు. అరవై రెండేళ్ళు మోసిన గొప్ప కదా, దించాక భుజం తేలికైంది. కానీ ఆమెకు మిగిలింది అరగంట వెలుతురు. డెంజిల్ శనివారం తలుపు తీసేది తొమ్మిదింటికి.

"వేరే చోటు చూద్దామా? బడి..."

"బడి ఏటవాలు. కొట్టు ఏటవాలు. మా ఇల్లు సరే, వాగు దాటితే అదొక నిచ్చెన." వంగి చక్రాల వైపు చూసింది. వెనక చక్రం నడిబొడ్డు మీద వేలు పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది: "అసలు నేల సంగతి మనకెందుకు, బాబాయ్? బండి నిలిచేది చక్రాల మీద. ముందు చక్రం నడిబొడ్డు నుంచి వెనక చక్రం నడిబొడ్డుకు ఒక గీత గీస్తే, నేల ఎటు వంగితే ఆ గీతా అటే వంగుతుంది. లైటు ఆ గీతకు సరిగ్గా ఉంటే చాలు. మనం గోడ దగ్గర నేల నుంచి కొలిచాం. అక్కడ నేల పైకి లేచి ఉంది. అదే తప్పు."

పికప్పును మళ్ళీ అదే చోట, ముందు చక్రాలు నీళ్ళలో ఉండేలా నిలిపి, లోపల్నుంచి గాలపు దారం తీసింది. రెండు చక్రాల మీదా నడిబొడ్డు ఎత్తున సుద్దతో గుర్తు పెట్టింది. దారం ఒక కొస వెనక చక్రం గుర్తు దగ్గర కట్టి, రెండో కొస పట్టుకుని గోడ దగ్గరికి పోయింది.

"ఇప్పుడు నీ కన్ను కావాలి, బాబాయ్. పాతిక అడుగులు వద్దు. జానెడు దూరంలో చూడు. దారం ముందు చక్రం గుర్తును తాకగానే చెప్పు."

నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చున్నాను. ప్యాంటు తడిసింది.

"దించు... ఇంకా... ఇంకా దించు... వెంట్రుకవాసి... ఆఁ! అక్కడే!"

అటు పక్కా ఇటు పక్కా అలాగే చేశాం. గోడ మీద దారం తాకిన చోటు నుంచి, చక్రం నడిబొడ్డుకూ లైటుకూ మధ్య ఎంత ఎత్తుందో అంత పైకి కొలిచి కొత్త టేపు అంటించింది. వెనక్కి నడిచి చూశాం. మంగళవారం టేపు కొత్త టేపుకు నాలుగంగుళాలు పైన ఉంది. నా అరవై రెండేళ్ళ గొప్ప అంతా ఆ రెండు నీలం గీతల మధ్య పట్టింది.

"ఎక్కి కూర్చో," అంది తలుపు తీసి.

"నేనా? ఎందుకు?"

"నేను నడిపేటప్పుడు నా బరువు అక్కడుంటుంది. వెనక ఇసుక బస్తాలు ఎలాగూ ఉన్నాయి, చలికాలమంతా ఉంటాయి. పెట్రోలు నింపా. టైర్లలో గాలి చూశా. ఇక కావలసింది సీట్లో ఒక మనిషి."

"నాకు నీకంటే యాభై పౌన్లు ఎక్కువే!"

"అందులో నలభై గాలే. కూర్చో."

కూర్చున్నాను. ఆమె ఒక లైటు మీద కోటు కప్పి రెండో దాని మర తిప్పింది. పావు చుట్టు తిప్పి, గోడ దాకా నడిచి, చూసి, మళ్ళీ వచ్చి పావు చుట్టు. నీళ్ళలోంచి వెళ్ళింది, నీళ్ళలోంచి వచ్చింది. బూట్లు మళ్ళీ తడిశాయి, బండి ఎత్తింది ఎందుకో గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది.

"నవ్వకు! నువ్వు నవ్వితే వెలుగు గెంతుతోంది," అని అరిచింది గోడ దగ్గర్నుంచి.

ఊపిరి బిగబట్టాను. నా బతుకులో అంతసేపు మాట్లాడకుండా కూర్చున్నది లేదు. చీకటి పడేసరికి రెండు వెలుగులూ కొత్త టేపుకు రెండంగుళాలు కింద, ఒకే ఎత్తున, ఉతికి ఆరేసిన దుప్పటి అంచులా నిలిచాయి. ఆమె చేతులు ప్యాంటుకు తుడుచుకుంది. "దిగు, బాబాయ్," అంది. అంతే. ఇంటికి మాత్రం, డెంజిల్ కొలిచేదాకా సరైనట్టు కాదని, నా కారు వెనకాలే, లైట్లు ఆర్పి, బండి ఆపినప్పుడు వేసే చిన్నదీపాలొక్కటే వేసుకుని నెమ్మదిగా వచ్చింది. మాట మాటే.

శనివారం తొమ్మిదికి డెంజిల్ తలుపు తీసేసరికి మేము ముందే ఉన్నాం. లైట్లు వేసింది. లోపల గోడ మీద వెలుగు గీత కింద ఒద్దికగా పడుకుంది. క్యాలెండరులో జింక చీకట్లో ఉంది. డెంజిల్ ఒకసారి కొలిచాడు, నమ్మక ఇంకోసారి కొలిచాడు.

"ఎక్కడ చేశావు?"

"అక్కడే. పెద్దాయన గిన్నెలో."

"ఎలా?"

"దారంతో," అంది. డెంజిల్ ఇంకా ఏదో అడగబోయాడు. "స్టిక్కరు, డెంజిల్. తర్వాత చెబుతా." పాత స్టిక్కరు గోకి కొత్తది అంటించేదాకా అతని చేతుల మీంచి చూపు తిప్పలేదు.

ఆదివారం తెల్లవారుజామున, నాలుగుంపావుకు, కాఫీ పట్టుకుని మా గేటు దగ్గర నిలబడ్డాను. వాగు దాటిన చప్పుడైంది. లైట్లు మలుపు తిరిగాయి. మా పోస్టు పెట్టె గుంజ మీద, నా బూట్ల మీద, నా మోకాళ్ళ దాకా వెలుగు పడింది. అక్కడ ఆగింది. పైన చీకట్లో అద్దం వెనక ఆమె మొహం నాకు కనబడింది. స్టీరింగు మీంచి రెండు వేళ్ళు లేపింది. నేనూ లేపాను.

ఇదంతా జరిగినట్టే రాశాను. కంచరగాడిద, గోళీ, కాకి, అన్నీ ఎవరినడిగినా చెబుతారు, ముఖ్యంగా నన్ను. ఒక్క సంగతే నేను కల్పించింది. గోడ మీద రెండు టేపుల మధ్య నాలుగంగుళాలన్నాను చూడండి, అది నాలుగు కాదు. తొమ్మిది. డెంజిల్ జానెడు అన్నప్పుడే మీరు లెక్క కట్టుకోవలసింది.