వాకిట్లో చుక్క పడకూడదు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. నాన్న, కుడి మణికట్టుకి కట్టుతో. లోడు మీద తాడు బిగిస్తుంటే బెణికింది. అమ్మ, దుప్పట్లు నానబెట్టే హడావుడిలో. నానమ్మ, అరుగు మీద చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ. మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, బస్సు కండక్టరు. సెలవు దొరికితే మా ఇంట్లోనే ఉంటాడు. నేను. పై అంతస్తులో ఇల్లుగలావిడ. ఆవిణ్ణి నానమ్మ మేడమ్మ అంటుంది, మాకూ అదే అలవాటైంది. ఇక వాకిట్లో లారీ. దాన్ని కూడా మేం మనిషి కిందే లెక్కేస్తాం.

మేడమ్మ మాట అంటే మాటే. కిందటిసారి నాన్న పాత ఆయిల్‌ని సగం కోసిన డబ్బాలోకి తీశాడు. గాలికి ధార పక్కకి పోయి నేల మీద పడింది. అమ్మ ఆలోచించకుండా దాని మీద నీళ్లు కొట్టింది. ఆయిల్ నీళ్లతో పాటు వాలుకి జారి మూలనున్న బావిలోకి దిగింది. ఆ తరవాత చాలా రోజులు బిందె ముంచితే నీళ్ల మీద నెమలి కంఠం రంగులు తేలేవి. మేడమ్మ అరవలేదు. మెట్ల మీదే నిలబడి, "ఇంకొక్క చుక్క నా వాకిట్లో పడితే లారీ బయటికి. లారీతో పాటు మీరూనూ" అని పైకి వెళ్లిపోయింది.

లారీ పట్టేంత వాకిలి ఉన్న ఇల్లు ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు. ఉన్నవన్నీ పెద్ద రోడ్డు దాటి చాలా దూరంలో ఉన్నాయి. అక్కడికి మారితే నేను బడికి నడిచి రాలేను. "ఆడపిల్లకి అంత దూరం ఎందుకు, చదివింది చాల్లే" అన్న మాట మా ఇంట్లో అప్పటికే ఒకసారి వినపడింది. అన్నది నానమ్మ. విని ఊరుకున్నది నాన్న.

ఆ రోజు మాత్రం ఆయిల్ మార్చక తప్పలేదు. మెకానిక్ షెడ్డు మూసి ఉంది. మర్నాడు పొద్దున్నే దూరపు లోడు. నాన్న గేజీ పుల్ల తీసి చూస్తే దాని కొసన ఆయిల్ తారులా వేలాడింది.

"ఈసారి పద్ధతిగా చేద్దాం" అన్నాడు నాన్న. ఇంజను కింద నేలంతా అట్టలు పరిపించాడు. అట్టల చుట్టూ రంపపు పొట్టు గట్టులా పోయించాడు. ఫిల్టరు విప్పేటప్పుడు కారకుండా దానికి ముందే ప్లాస్టిక్ సంచి తొడిగించాడు. చెయ్యి పనికి రాకపోయేసరికి నోటితోనే అంతా చేయిస్తున్నాడు.

"ఇంజన్ కాసేపు తిప్పి ఆపెయ్. ఆయిల్ గోరువెచ్చగా అయితే చాలు" అని మామయ్యకి చెప్పాడు.

"బావా, నాకు చెప్పాలా?" అంటూ మామయ్య ఇంజను స్టార్ట్ చేశాడు. ఇంతలో అతనికి ఫోనొచ్చింది. ఎవరో డ్రైవరుతో గొడవ. "నేనైతేనా, అక్కడే దింపేసేవాణ్ణి!" అంటూ గేటు దాకా నడిచాడు. ఇంజను అలా తిరుగుతూనే ఉంది. నాన్న కేకేస్తే తప్ప వెనక్కి రాలేదు.

నేను అప్పటికే లారీ కిందికి దూరి ఆయిల్ పట్టే టబ్బు సర్దుతున్నాను. అప్పుడే గమనించాను, అది మేం అనుకున్న టబ్బు కాదు. పెద్ద నీలం టబ్బుని అమ్మ దుప్పట్లకి తీసుకుని, దాని చోట ఆకుపచ్చది పెట్టింది. అది బకెట్టున్నర నీళ్లకే నిండిపోతుంది. లారీలో ఆయిల్ అంతకంటే బాగా ఎక్కువ.

మామయ్య పానా పట్టుకుని నా పక్కకి పాకాడు. మోచేతుల మీద ఆయాసపడుతున్నాడు.

"మామయ్యా, ఈ టబ్బు..." అన్నాను.

"ఏంటే సైలెన్సర్, ఆ గొణుగుడు?" అన్నాడు. నా నోట్లోంచి చప్పుడు రాదని అతను పెట్టిన పేరది. "టికెట్ అడిగేవాళ్లు గట్టిగా అడగాలి."

"ఏం లేదు" అన్నాను.

ఎందుకలా అన్నానో తెలియదు. నలుగురిలో నా మాటకి ఎప్పుడూ అదే గతి. గొంతు దాకా వచ్చి కూర్చుంటుంది.

బయటి నుంచి నాన్న, "ఒరేయ్, ఆయిల్ కన్నం నట్టుని చివరి చుట్టుల్లో పైకి నొక్కి పట్టి తిప్పు. పూర్తిగా వదిలాక ఒక్కసారే పక్కకి లాగెయ్. తల్లీ, నువ్వు ధార చూస్కో. మొదట దూరంగా పడుతుంది, ఆయిల్ తగ్గేకొద్దీ దగ్గరికొస్తుంది. టబ్బు దాంతో పాటే జరగాలి" అన్నాడు.

"రోజుకి వెయ్యి టికెట్లు చింపే చెయ్యి బావా ఇది" అన్నాడు మామయ్య.

నట్టు వదిలింది. ఆయిల్ గోరువెచ్చగా లేదు. కాగిపోతోంది. "అబ్బా!" అని మామయ్య చెయ్యి లాక్కున్నాడు. నట్టు టబ్బులో బుడుంగుమని మునిగిపోయింది. చెయ్యి విదిలించుకుంటూ అతను వెనక్కి పాకి బయటపడ్డాడు. "కాలిందే అక్కా! నీళ్లు, నీళ్లు!"

లారీ కింద నేనొక్కదాన్నే మిగిలాను.

ధార మణికట్టంత లావున నల్లగా మెరుస్తూ దూకుతోంది. టబ్బుని ముందుకి నెట్టాను. సరిగ్గా మధ్యలో పడింది. కాసేపు బాగానే ఉంది. ఆయిల్ టబ్బు గోడ మీద పైకి పాకుతోంది. సగం దాటింది. ధార ఏ మాత్రం సన్నబడలేదు. ఆపుదామంటే నట్టు ఆ వేడి ఆయిల్ అడుగున ఉంది. అంచుకి నాలుగు వేళ్లు. మూడు వేళ్లు.

నాన్న చెప్పులు కనిపిస్తున్నాయి. ఆయన మామయ్య చెయ్యి చూస్తున్నాడు. అమ్మ నీళ్లు పోస్తోంది. నానమ్మ, "వాడికి చిన్నప్పట్నుంచీ అంతే, కందిరీగ కుట్టినా పాము కరిచినట్టే" అంటోంది. నా వైపు ఎవరూ చూడటం లేదు.

పక్కనున్న గోనెగుడ్డని నాలుగు మడతలు పెట్టి కన్నానికి అదిమాను. వేడి గుడ్డలోంచి అరచేతికి దిగింది. ధార ఆగింది, కానీ గుడ్డ తడిసిపోతోంది. ఇంకెంతసేపో పట్టుకోలేను.

"నాన్నా!" అని అరిచాను.

అది నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది. చిక్కుడుకాయల పళ్లెం కింద పడ్డ చప్పుడు వినపడింది.

"టబ్బు చాలదు! ఇంకోటి కావాలి! త్వరగా!"

"ఓరి నాయనో, సైలెన్సర్ ఊడింది!" అన్నాడు మామయ్య.

అమ్మ నీలం టబ్బు వైపు పరుగెత్తింది. దాని నిండా సబ్బు నీళ్లు, దుప్పట్లు. ఒంపడానికి ఎత్తబోయింది.

"ఒంపొద్దమ్మా! ఆ నీళ్లు ఇటే వస్తాయి, పొట్టు కొట్టుకుపోతుంది! గోడ మీద ఎర్ర టబ్బు, అది తెండి!"

అంతా ఆగిపోయారు. ఎర్ర టబ్బు మేడమ్మది. కొత్తది. కడిగి బోర్లించుకుంది.

"అది ఆవిడదే తల్లీ" అన్నాడు నాన్న.

"తెండి నాన్నా! చెయ్యి కాలుతోంది!"

నాన్న ఎడమ చేత్తో దాన్ని లాగి నా పక్కకి తోశాడు. కానీ నిండిన టబ్బు ఇంకా కన్నం కిందే ఉంది. దాన్ని ఎత్తితే ఒలుకుతుంది. నెడితే తొణుకుతుంది.

"దాన్ని ముట్టుకోకు" అన్నాడు నాన్న, నేల మీద బోర్లా పడుకుని. "దాని కిందున్న అట్టని లాగుతాను. ఒరేయ్ బావమరిదీ, ఆ మూల పట్టుకో. నేను అన్నప్పుడే లాగు. నిద్రపోయే బిడ్డ కింద పక్క సర్దుతున్నట్టు."

మామయ్య కాలని చేత్తో మూల పట్టుకున్నాడు. ఇద్దరూ అట్టని లాగారు. టబ్బు దాంతో పాటు జరిగింది. ఆయిల్ అంచు దాకా వచ్చి వణికి, వెనక్కి వెళ్లింది. మళ్లీ లాగారు. మళ్లీ వణికింది. ఒక చోట అంచు దాటి రెండు బొట్లు జారాయి. అట్ట మీదే పడ్డాయి. నానమ్మ అరుగు దిగొచ్చి వంగి చూస్తోంది.

ఎర్ర టబ్బుని పాదంతో కన్నం కిందికి తోసి గుడ్డ తీసేశాను. అరచెయ్యి కందిపోయి ఉంది. ధార ఇప్పుడు దూకలేదు, తిన్నగా కిందికి దిగింది. సన్నబడింది. దారమైంది. చుక్కలైంది.

ఆయిల్ చల్లారాక నట్టుని టబ్బులోంచి తీసి బిగించాం. ఫిల్టరు సంచితో పాటే ఊడొచ్చింది. గరాటు పెట్టి కొత్త ఆయిల్ పోశాం. పాతదాన్ని షెడ్డుకి ఇవ్వడానికి డబ్బాల్లోకి ఎత్తాం. అట్టలు మడిచి మెట్ల మొదట్లో పెట్టి, పొట్టు ఎత్తేశాక, నాన్న తన తెల్ల తువ్వాలు తీసి నేలంతా రుద్దాడు. తువ్వాలుకి దుమ్మే అంటింది. రెండు వైపులా తిప్పి అమ్మకి చూపించాడు. అమ్మ కూలబడి మొహం తుడుచుకుంది.

అప్పుడు పైన కిటికీ రెక్క కదిలింది. తలెత్తేసరికి మేడమ్మ లోపలికి వెళ్లిపోతోంది. గోడ పక్కన ఎర్ర టబ్బు లోపలంతా నల్లగా ఉంది. సబ్బుకీ, మట్టికీ లొంగలేదు.

"నేను వెళ్లి చెప్తాను" అన్నాడు నాన్న, కట్టు సర్దుకుంటూ.

"నేనే తెమ్మన్నాను కదా. నేనే వెళ్తా" అన్నాను. నాన్న పక్కకి తప్పుకున్నాడు.

ఆ మెట్లు నేనెప్పుడూ ఒంటరిగా ఎక్కలేదు. తలుపు కొట్టేలోపే ఆవిడ తీసింది.

"అమ్మగారూ, మీ టబ్బు పాడైంది. నేనే తెమ్మన్నాను. నాన్న వద్దన్నాడు."

"మరెందుకు తెమ్మన్నావు?"

"లేకపోతే నేల మీద పడేది."

"పడిందా?"

"లేదండీ. వచ్చి చూడండి."

"చూశాను. నీ అరుపుకి లేచినదాన్ని, అంతా చూశాను. తువ్వాలు కూడా." ఆవిడ నా అరచెయ్యి వంక చూసింది. "చుక్క పడకూడదన్నాను. పడలేదు. లారీ ఉండనివ్వండి."

మీరు ఎంత మంచివారు అనబోతుంటే ఆవిడ చూపు నన్ను దాటి వెనక్కి పోయింది. నేనూ తిరిగాను. కింది మెట్టు నుంచి ఆవిడ గడప దాకా, మెట్టు మెట్టుకీ నా పాదం. మడమ, అయిదు వేళ్లు, నల్లగా, అచ్చు గుద్దినట్టు. మెట్ల మొదట్లో పెట్టిన ఆయిల్ అట్టల్ని తొక్కి, ఆ కాళ్లతోనే ఎక్కొచ్చాను.

ఒక పాదాన్ని ఇంకో పాదం వెనక్కి దాచుకున్నాను.

"మీ మామయ్యైతే మెట్లు వాకిలి లెక్కలోకి రావని వాదించేవాడు" అంది మేడమ్మ. "నువ్వేమంటావు?"

నా మాట మళ్లీ గొంతులో కూర్చుంది. ఆవిడ తలుపు పట్టుకుని అలాగే నిలబడింది.

"నావే" అన్నాను. "తుడిచేస్తాను. నీళ్లు పోయను, కిరసనాయిలు గుడ్డతో తుడుస్తాను. మరక కనపడకుండా చేస్తాను. మమ్మల్ని పొమ్మనకండి."

"లారీ ఉండమన్నానా లేదా? రోజుకో మాట మార్చే మనిషిననుకున్నావా?"

"కాదండీ."

"అయితే ముందు పాదాలు తుడుచుకో. లేకపోతే దిగేటప్పుడు ఇంకో వరస వేస్తావు" అని, నా మొహం మీదే తలుపు వేసేసింది.