మాలెక్కిన కోడలు

కాపురానికి వచ్చిన కొద్దిరోజులకే ధనశ్రీకి చింతపండు గింజ తీయడంలో చెయ్యి తిరిగిపోయింది. ఒడిశా టికిరి బజార్లో అత్తవారిది కింద హోల్‌సేల్ కొట్టు, పైన ఇల్లు. సంతకి వచ్చినవాళ్లు అమ్మిన చింతపండంతా మేడ మీద ఆరబోస్తారు. గింజ తీసినదానికి రేటు ఎక్కువ. కూలీలని పెడితే ఆ ఎక్కువ వాళ్లకే పోతుంది. "ఇంట్లో కూకుని ఏటి సేస్తావమ్మీ, టీవీ సూస్తా తీసెయ్యొచ్చు" అని అత్తగారు కమలాంబ మొదటి వారంలోనే బుట్ట ముందు పెట్టింది. టీవీ కింద హాల్లో ఉంది, చింతపండు మేడ మీద ఉంది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

అయినా ధనశ్రీకి అన్నీ ముద్దొచ్చేవి. భర్త శ్రావణ్‌కుమార్ కొట్టు తెరవడానికి వెళ్తూ మెట్ల మధ్యలో ఆగి వెనక్కి తిరిగి నవ్వడం, వేళ్లకంటిన పులుపుని చాటుగా నాకడం, తన పేరుతో కొత్తగా వచ్చిన గ్యాస్ బుక్కు. అన్నిటికంటే ముద్దొచ్చింది మేడ మీంచి కనపడే కొండ. ఇక్కడివాళ్లు మాలి అంటారు. ఎవరో కత్తిపీట మీద నెత్తి తరిగేసినట్టు చదునుగా ఉంటుంది. పార్వతీపురంలో డిగ్రీ చదువుతున్నప్పుడు జాగ్రఫీ మేడమ్ బోర్డు మీద అచ్చం ఇలాంటి బొమ్మే గీసి, ఇవి ఎడారుల్లో ఉంటాయి, బల్లకొండలు అంది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న కొండ వంటింటి వెనకే ఉందంటే, పెళ్లిలో అది కూడా తనకే పెట్టారనిపించింది ధనశ్రీకి.

"ఒకరోజు మాలెక్కి వస్తానండీ" అంది ఒక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ.

"ఏటుందక్కడ, రాళ్లు. శీతాకాలం దేవమాలి కొండకి తీసుకెళ్తాలే. కారు పైకంటా వెళ్లిపోద్ది, నడవక్కర్లేదు" అన్నాడు శ్రావణ్.

"నడవాలనే. ఒక్కదాన్నే."

అతను పొలమారేంతగా నవ్వేడు. "ఒక్కదానివే ఏటి సేస్తావ్?"

ఆమె మంచినీళ్ల గ్లాసు అందించింది. పుట్టినప్పట్నించీ ఒక్కత్తీ ఏమీ చెయ్యలేదు కదా, ఎలా తెలుస్తుంది? కాలేజీకి స్నేహితురాలు తోడు, ట్రైనుకి తమ్ముడు తోడు, పెళ్లిచూపుల్లో మంచినీళ్ల ట్రే పట్టుకోవడానికి కూడా పిన్ని తోడు.

అత్తమామలు రాయగడ మజ్జిగౌరి గుడికి వెళ్లిన రోజున ఆమె పొద్దున్నే వంట ముగించింది. భర్తకి క్యారేజీ కింద కొట్టుకి పంపించింది. చింతపండు మీద గుడ్డ కప్పింది. 'మాలెక్కుతున్నాను. చీకటి పడకముందే వచ్చేస్తాను' అని శ్రావణ్‌కి మెసేజ్ పెట్టింది. అతని దగ్గర్నించి పడీపడీ నవ్వే బొమ్మ వచ్చింది. పోనీలే, నవ్వుతూ పంపాడు అనుకుంది.

ఆటో ఊరి చివర దింపేసింది. అక్కణ్ణించి ఆవులు నడిచిన దారి. బుట్టలెత్తుకుని సంతకి దిగుతున్న ఆడవాళ్లు ఆమె మెళ్లో ఇంకా పసుపు వదలని తాడుని చూసి తమ దేశియా భాషలో నవ్వుతూ ఏదో అన్నారు, వెనకాల ఎవరున్నారా అని చూశారు. ఎవరూ లేరు. వాళ్ల నవ్వు ఆగిపోయింది. ధనశ్రీ మాత్రం నవ్వుతూనే ఎక్కింది.

పైకి వచ్చేసరికి చెట్లు అయిపోయాయి. ఎర్రరాయి, ఎండిన గడ్డి, ఆకాశం, అంతే. వర్షాలే తప్ప ఎడారి ఎరగని ఈ ప్రాంతంలో దేవుడు ఇంత ముక్క ఎండబెట్టి దాచినట్టుంది. చెప్పులు విప్పి నడిచింది, కాళ్లు కాలితే గబగబా వేసుకుంది, తన తెలివికి తనే నవ్వుకుంది. రాతి పగుల్లో ఆవగింజంత ఊదాపువ్వు ఉంటే బోర్లా పడుకుని చూసింది. అటుకులూ బెల్లమూ తింది, సగంలో ఎవరూ పిలవలేదు కాబట్టి చివరంటా తింది. దూరంగా టికిరి, అందులో గోధుమరంగు మచ్చ. అది తమ మేడ మీది చింతపండు అయి ఉండాలి. ఒక్కదానివే ఏం చేస్తావంటే, ఇదీ. ఏమీ చెయ్యడం లేదు. ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదు. గొంతు విప్పి పాడింది, శ్రుతి తప్పింది, మళ్లీ పాడింది.

పాట సగంలో గట్టు మీద తలలు కనపడ్డాయి. శ్రావణ్, వెనకాల కొట్లో మూటలు మోసే ఇద్దరు, చేతిలో కర్రలు. సంతకి దిగినవాళ్లు తిన్నగా కొట్టుకే వెళ్లి చెప్పారు, మీ కోడలు మాలెక్కింది, ఒంటరిగా అని.

అతను కోప్పడలేదు. రొప్పుతూ వచ్చి ఆమె సంచీ తన భుజాన వేసుకున్నాడు. "దారి తప్పేవా?" అన్నాడు, మోతగాళ్లకి వినపడేలా.

"లేదండీ. మెసేజ్ పెట్టేను కదా. చూడ్డానికొచ్చేను."

అతని మొహంలో రంగు మారింది. దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "ఎవరితో?"

"ఒక్కదాన్నే."

"ధనూ, నిజం సెప్పు. నేనేం అన్ను. ఎవరితో?"

మెట్ల మధ్య ఆగి నవ్వే మనిషే ఇలా అడిగాడు. రాతి పగుల్లో పువ్వు చూపిద్దామని ఎత్తిన ఆమె చెయ్యి కిందికి వాలిపోయింది.

సాయంత్రం గుడి నించి వచ్చిన కమలాంబ అంతా విని, తిట్టలేదు. కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని జడ విప్పి నూనె రాసింది. "సూడమ్మీ. కొత్తకోడలు ఒంటరిగా కొండెక్కిందంటే ఈ బజారు నీకో మగాణ్ణి అంటగడతది. అదే గాలి సోకి ఎల్లిందనుకో, అందరూ అయ్యో అంటారు. కొత్త పసుపుతాడంటే మాలి మీద గాలికి ఇష్టం, అందరికీ తెల్సిందే. నువ్వేం అనక్కర్లేదు. ఊరుకుంటే సాలు."

"నాకేం సోకలేదత్తయ్యా. నేనే వెళ్లేను."

"అందుకే ఊరుకోమంటన్నాను."

శ్రావణ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఒప్పేసుకో ధనూ. అంతటితో అయిపోద్ది" అన్నాడు. అతని గొంతులో ప్రేమ ఉంది. ప్రేమ లేకపోతే కనీసం పోట్లాడేది.

మర్నాడు పొద్దున్న వరహాలమ్మ వచ్చింది. విజయనగరం వైపు మనిషి, బజార్లో కోమట్ల ఇళ్లన్నిటికీ దిష్టి తీసేది, గాలి దింపేది ఆవిడే. సాంబ్రాణి పొగ, వేపమండలు, పసుపునీళ్లు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు గోడవారన సర్దుకుని కూర్చున్నారు, ఒకావిడ చిక్కుళ్లు కూడా తెచ్చుకుంది ఈనెలు తీసుకోవడానికి.

"ఎవరు పిలిసేరు నిన్ను?" వరహాలమ్మ వేపమండ ఝాడించింది.

"ఎవరూ పిలవలేదు. నేనే వెళ్లేను" అంది ధనశ్రీ.

గోడవారన ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "గాలి పలికింది" అంది చిక్కుళ్లావిడ, తృప్తిగా.

"ఏటి కావాల నీకు?"

అప్పుడు ధనశ్రీకి అర్థమైంది. ఈ ఇంట్లో మొదటిసారి తనకేం కావాలని అడిగారు, అదీ తనని కాదు. కళ్లలో పొగ. "ఒకరోజు. మాలి మీద. ఒక్కదాన్నే" అంది.

అడిగింది ఇవ్వాలి, ఇవ్వకపోతే గాలి దిగదు. వరహాలమ్మ దానికీ దారి చెప్పింది. కోడలి పెట్టెలోంచి ఒక చీర తీశారు, పిండిబొమ్మకి చుట్టారు, కుంకం పెట్టారు. ఆ బొమ్మని మాలి మీద దించి, అక్కడ కాసేపు కూర్చుని రావాలి. తీసుకెళ్లేవాడు కట్టుకున్నవాడే కావాలి. తోడు ఎవరూ ఉండకూడదు.

శ్రావణ్ స్నానం చేసి బయల్దేరాడు. ఆమె మేడ మీద చింతపండు ముందు కూర్చుని ఆ దారినే చూస్తూ ఉండిపోయింది. పైన కనపడీ కనపడని చుక్క ఆగింది, అటూ ఇటూ తిరిగింది, చాలాసేపు కదలకుండా ఉంది.

ఎండ వాలుతుండగా వచ్చాడు. మొహం ఎర్రగా కాలి, కళ్లు తేటగా ఉన్నాయి. మామగారు తాతారావు కొడుక్కి కుర్చీ జరిపారు. కమలాంబ మజ్జిగ కలుపుతోంది. చూడ్డానికి వచ్చినవాళ్లు గుమ్మం దాకా నిండారు, గుమ్మంలో వరహాలమ్మ.

"ఎలాగుందిరా పైన?" అన్నారు తాతారావు.

"బాగుంది నాన్నా. గాలి ఏటి గాలి. రావాలనిపించలేదు" అన్నాడు శ్రావణ్, పిల్లాడిలా సిగ్గుపడుతూ.

అందరూ నవ్వారు. ధనశ్రీ మజ్జిగ గ్లాసు తెచ్చి అతనికి అందించింది. అతను పట్టుకున్నా ఆమె గ్లాసు వదల్లేదు. రోజూ కూర ఏం వండాలని అడిగే గొంతుతోనే అడిగింది.

"ఎవరితో వెళ్లేరండీ?"

నవ్వులు ఆగిపోయాయి. శ్రావణ్ చూపు గ్లాసులోకి దిగిపోయింది. కమలాంబ కోడలి మొహంలోకి ఒక్క నిమిషం చూసి, గుమ్మం వైపు తిరిగింది.

"వరహాలమ్మా, గాలి ఇంకా దిగనేదే. మంగళారం మళ్లీ రావాల నువ్వు."