దొరగారు లేవలేదు

నేను ఒక టోపీని. నల్లటి ముక్కోణపు టోపీని, అంచుకు వెండి జరీ ఉన్నదాన్ని. ఇప్పుడు లండన్‌లో ఓ మ్యూజియం అద్దాల పెట్టెలో ఉన్నాను. 'పాపం, పురుగులు కొట్టేశాయి' అని జాలిపడి వెళ్లేవాళ్లే అందరూ. జాలి నాకెందుకండీ? నేను చూసింది మీలో ఒక్కరైనా చూశారా?

కెనడా నదుల్లో ఈదే బీవరు అనే జంతువు బొచ్చు నా ఒళ్లు. దాన్ని ఉడికించి, మర్దించి, సాగదీసి నన్ను చేశారు. బొచ్చుకు పట్టించే పాదరసం ఆవిరి పీల్చి ఆ పనివాళ్లకు చేతుల వణుకు పట్టుకునేది. పెట్టుకునే దొరలేమో నా అంచు కాస్త వంకరగా ఉందని విసుక్కునేవాళ్లు. మనుషుల సంగతి అంతేలెండి.

నన్ను కొన్నది లార్డ్ థార్న్‌బీ, పద్దెనిమిదో శతాబ్దపు దొర. ఆయనది ఐర్లండు బిరుదు కావడంతో ప్రభువుల సభలో చోటు లేక, పార్లమెంటులోని సామాన్యుల సభలో సభ్యుడిగా ఉండేవాడు. మంచివాడే గాని నోట్లో నాలుక లేనివాడు. ఆ సభలో కూర్చున్నంతసేపూ టోపీ నెత్తిన ఉండవచ్చు, మాట్లాడటానికి లేస్తే మాత్రం తీయాలి. మా దొర నన్ను తీసిన పాపాన పోలేదు. ఆయనకు ఆ స్థానం మేనమామ సర్ జాస్పర్ పెట్టిన భిక్ష. ఓట్లప్పుడు మామ లేస్తే లేచేవాడు, కూర్చుంటే కూర్చునేవాడు.

ఓ ఏడాది ఆ మామ ఒక బిల్లు తెచ్చాడు. మా దొర ఊళ్లో పేదల పశువులు మేసే ఉమ్మడి బయలుకు కంచె వేసి, భూస్వాములు పంచుకోవాలని దాని సారాంశం. పెద్ద వాటా మా దొరదే. బిల్లు గెలిస్తే మంత్రి పదవి కూడా ఇప్పిస్తానన్నాడు మామ.

లండన్‌కు బయలుదేరుతుంటే హెస్టర్ అనే వితంతువు బండికి అడ్డం నిలబడింది.

"దొరగారూ, నాకున్నది ఒక్క ఆవు. బయలు పోతే దాన్ని కటికవాడికి అమ్ముకోవాల్సిందే. ఆ పాల మీదే నా పిల్లలు బతుకుతున్నారు. మీకు పుణ్యముంటుంది, కాస్త అడ్డుపడండి."

దొర బండి పోనివ్వమని సైగ చేశాడు. ఆమె కళ్లు తుడుచుకుని పక్కకు తప్పుకుంది.

ఆ సభలో ఓటు వేసే పద్ధతి విచిత్రంగా ఉండేది. బిల్లు కావాలన్నవాళ్లు లేచి బయటి గదిలోకి వెళ్లాలి. వద్దన్నవాళ్లు కూర్చున్నచోటే ఉండాలి. తర్వాత తలలు లెక్కపెడతారు. ఓటుకు పిలవగానే మామ పక్షమంతా బిలబిలా లేచింది. మా దొర లేవలేదు.

కునుకు పట్టిందనుకున్నారు. భోంచేసి వచ్చి బెంచీల మీద గుర్రుపెట్టడం అక్కడ మామూలే మరి.

"ఒరేయ్ ఎడ్విన్, లే!" అని మామ మా దొర భుజం పట్టి కుదిపాడు.

దొర నన్ను కళ్ల మీదికి లాక్కున్నాడు. నుదుటి చెమటకు నా అస్తరు తడిసిపోయింది. కణతలు దడదడా కొట్టుకుంటున్నాయి. నిద్రపోయేవాడి నుదురు అలా ఉంటుందా!

"లేవకపోయావో, ఈ సభ గడప మళ్లీ తొక్కవు. నా గడప కూడా," అన్నాడు మామ పళ్లు కొరుకుతూ.

దొర రెండు చేతులా బెంచీని గట్టిగా పట్టుకున్నాడు. మామ వెళ్లిపోయాడు, తలుపులు మూశారు. అబ్బ, ఏం మనిషండీ! సింహాల్లా గర్జించిన వక్తలను ఎంతమందినో విన్నాను గాని, ఎవరి ముందూ నాకిలా ఒళ్లు గగుర్పొడవలేదు.

ఒక్క ఓటుతో బిల్లు ఓడింది. ఎవరు ఎటు ఓటు వేశారో ఆ రోజుల్లో పత్రికలు రాసేవి కావు. మామ మాత్రం అన్నంత పనీ చేశాడు. ఇప్పిస్తానన్న పదవి పోయింది, సభ్యత్వం పోయింది, చుట్టరికమూ పోయింది. దొర ఊరికి తిరిగొచ్చేశాడు.

ఓ ముసురు రోజు ఆ బయలు పక్కగా నడిచి వెళుతుంటే హెస్టర్ ఎదురైంది.

"మా బయలు నిలిచింది దొరగారూ! ఎవరో మహానుభావుడు అడ్డుపడ్డాడట. ఆయన్ని కన్నతల్లి కడుపు చల్లగుండ! ఏమన్నా అనుకోండి, మీవల్ల అయ్యే పనా అది?"

'నేనే' అంటాడని చూశాను. అనలేదు. దొరలు టోపీ తీసేది పైవాళ్లకు, సాటివాళ్లకు. కూలి చేసుకునే ఆడమనిషికి తీస్తే ఊరంతా నవ్విపోతుంది. మా దొర నన్ను తీశాడు. గుండెకు ఆన్చుకుని, ఆ వానలో, ఆ బురదలో, ఆమె ముందు తలవంచి నిలబడ్డాడు. రాజుగారి ముందు కూడా ఆయన అంతగా వంగలేదు.

"ఆవు బాగుందా అమ్మా?" అన్నాడు.

హెస్టర్ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"బాగుంది. టోపీ పెట్టుకోండి బాబూ, తడిసిపోతున్నారు."