కుడిచేతి వైపు స్వరాలు

జడ్జిగారి మీద నా ఫిర్యాదు ఇవాళ్టిది కాదు. జడ్జిగారంటే మా ఆయనే. కోర్టులో కాదు, మా ముందుగదిలో. ఆదివారం మధ్యాహ్నం స్నేహితులు చేరతారు. ఒకే పియానో రచనను ఇద్దరు వాయించిన రికార్డులు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, ఎవరు గొప్పో ఈయన తీర్పు చెబుతారు. జడ్జిగారన్న పేరు వాళ్ళు పెట్టిందే. రికార్డుల దుమ్ము తుడవడం, కుర్చీలు వేయడం, టీలు అందించడం, కప్పులు కడగడం నా వంతు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి గుమ్మం దగ్గర నిలబడి, "ఈవిడ వాయించింది బాగుందండీ" అన్నాను. "నీకు మిక్సీ చప్పుడుకీ దీనికీ తేడా తెలుస్తుందా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అదే నా ఖర్మ, నవ్వడం.

ఈమధ్య ఆయన చెవులు మొరాయించాయి. పియానోలో కుడిచేతి వైపు సన్నటి స్వరాలు అసలు వినబడటం లేదు. ఇక తిరిగి రావని డాక్టరు చెప్పేశాడు. ఆ సంగతి స్నేహితులకు తెలిస్తే తల కొట్టేసినట్టవుతుందని, పోయిన వారం నన్ను పిలిచి తన కుర్చీలో కూర్చోబెట్టారు.

"రెండూ విని, పైస్వరాలు ఎవరెలా వాయించారో చెప్పు. ఎవరితోనూ అనకు."

ఆ గదిలో ఖాళీ చేతులతో కూర్చోవడం అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మొదటాయన చివరి స్వరాలను బస్సు వెళ్ళిపోతుందన్నట్టు తోసేశాడు. రెండో ఆవిడ మాత్రం ఒక్కో స్వరాన్నీ, నిద్రపోయిన పసిపిల్లను పక్కమీదికి దించినట్టు దించింది. దించాక కూడా చెయ్యి వెంటనే తీయలేదు. ఏం విన్నానో చెప్పమన్నారు. పిచ్చిదాన్ని, ఉన్నదంతా చెప్పేశాను.

ఆదివారం టీ పళ్ళెంతో వస్తుంటే నా మాటలు ఆయన నోట వినబడ్డాయి. "పసిపిల్లను పక్కమీదికి దించినట్టు లేదూ?"

స్నేహితుల్లో ఒకడైన పళ్ళ డాక్టరు తొడ చరిచాడు. "అబ్బ, ఏం చెవులు బావా! అక్కయ్యా, మీరు అదృష్టవంతులు."

ఈయన నా వైపు చూడలేదు. కప్పు అందుకుని, "చక్కెర తక్కువైందేం?" అన్నారు.

ఇన్నేళ్ళూ నా నిద్రా, నా నడుమూ, నా ఓపికా ఈ ఇంటికే పోయాయి. పోనీలే అనుకున్నాను. ఈసారి పోయింది వేరు. అది నేను విన్నది. నాలోపల విన్నది. పసిపిల్లను దించడం ఆయనకేం తెలుసు? ఏనాడైనా దించితేగా!

నిన్న ఇంకో రెండు రికార్డులు తెచ్చారు. కూర్చుని రెండూ విన్నాను.

"ఊఁ, చెప్పు."

"ఆదివారం చెబుతానండీ. అందరి ముందూ, నేనే."

"మతి పోయిందా? నాకు వినబడటం లేదని వాళ్ళకి తెలిసిపోదూ?"

"తెలుస్తుంది."

"నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

జాలేసింది. ఆ జాలితోనే కదా ఇన్నేళ్ళు వెళ్ళదీశాను అనిపించింది. సూదిని ఎత్తి మళ్ళీ రికార్డు మొదట్లో పెట్టాను.

"ఇంకోసారి వినాలి. కాస్త మాట్లాడకుండా కూర్చోండి."